బాబాయి ఫోన్‌లో బర్మా టైము

మా దీవిలో, ఆస్టినాబాద్‌లో, మా పక్కింటి బాబాయి పోయి మూడు వారాలైంది. ఆ రోజు పొద్దున్నే పిన్ని మా గేటు దగ్గరకొచ్చి, ఆయన లేవట్లేదు, ఒకసారి రమ్మంది. చెప్పులు వేసుకుని వెళ్లాను. తర్వాత చేయాల్సినవన్నీ చేశాను. ఏడుపు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఆ ఫోనే గుర్తొస్తోంది.

బాబాయి హార్బర్‌లో ఓడల రాకపోకలు రిజిస్టర్లో రాసి రాసి రిటైరయ్యారు. పిన్నికి షుగరు, చూపు బాగా తగ్గింది. ఇన్సులిన్ ఎప్పుడు, మాత్ర ఎప్పుడు అన్నది ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోన్ పైకి చెబితేనే ఆమెకు తెలిసేది. ఆ ఫోన్ మాత్రం, మనం సముద్రానికి అవతలున్న బర్మాలో ఉన్నామనుకునేదో ఏమో, ఉన్నట్టుండి అక్కడి టైముకి, గంట ముందుకెళ్లిపోయేది. చేత్తో సరిచేసినా, అప్‌డేట్ వచ్చాక మళ్లీ దాని దారి దానిదే.

ఒకరోజు బాబాయి చేపలకు వెళ్లినప్పుడు అలారం గంట ముందే మోగింది. పిన్ని ఇంజక్షన్ వేసుకుంది. వేసుకున్నాక వెంటనే తినాలి, వండి పెట్టేది బాబాయే. ఆయన తన వాచీ చూసుకుని వేళకే వచ్చారు. అప్పటికి ఆమె వంటింట్లో స్పృహ లేకుండా పడి ఉంది.

అప్పటినుంచి ఆదివారాలు వాళ్ల వరండాలో కూర్చుని ఫోన్ కంపెనీకి ఫిర్యాదులు పంపేవాళ్లం. ఆయనకు ఇంగ్లీషు టైపింగ్ రాదు, నాకు ఓపిక లేదు. అలా జత కుదిరింది. ముందు పెన్సిల్‌తో కాగితం మీద రాసుకునేవారు: వాచీలో ఎంత, ఫోన్‌లో ఎంత, అప్పుడు ఫోన్ ఎక్కడున్నది. కంపెనీవాళ్లు ప్రతిసారీ ఫోన్ ఆపి మళ్లీ పెట్టమనేవారు. ఆయన ప్రతిసారీ ఆపి పెట్టేవారు. దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌కి వెళ్లమని చెన్నై అడ్రసు ఇచ్చారొకసారి. మధ్యలో సముద్రం ఉందని మర్యాదగా రాయించారు.

ఇంకోసారి, మీరు బర్మాలో ఏ ఊళ్లో ఉన్నారని అడిగారు. నాకు ఒళ్లు మండి నాలుగు మాటలు కొట్టాను. బాబాయి చదివించుకుని, చెరిపేయమన్నారు.

"కోపం రాయకురా. జో హువా, వహీ రాయి, జరిగింది జరిగినట్టు. కోపం చదివినోడు తప్పుని చూడడు."

డెలానీపూర్‌లో నా హార్డ్‌వేర్ దుకాణం నుంచి సరుకు గురించి ఉత్తరాలు రాసేటప్పుడు ఇప్పటికీ ఆ మాటే పాటిస్తాను. ఆయనకు ఆ సంగతి చెప్పనేలేదు.

ఇదంతా ఎందుకు, అలారం గడియారం కొనండి బాబాయీ అన్నానొకసారి. అది మోగుతుంది గానీ ఏ మందుకో చెప్పదు కదా అన్నారు. "నేనుండగా పర్లేదురా. నేను లేనప్పుడు మీ పిన్నికి ఆ ఫోనే కదా చెప్పాలి" అన్నారు.

ఈ మూడు వారాలూ నేనే గోడ మీంచి పిలిచి పిన్నికి వేళ చెబుతున్నాను.

నిన్న ఆయన ఫోన్‌కి మెయిల్ వచ్చింది. మీ నుంచి జవాబు లేదు కాబట్టి ఫిర్యాదు మూసేస్తున్నాం, మీ సమస్య తీరిందా అని. కింద రెండే గడులు, తీరింది, తీరలేదు. పిన్నికి చదివి వినిపించాను. తీరిందంటే ఏమవుతుందని అడిగింది. ఇక రాయరు, వదిలేస్తారన్నాను. తీరలేదంటే మళ్లీ మొదట్నుంచీ అన్నీ అడుగుతారన్నాను.

"తీరలేదని పెట్టు నాయనా. నువ్వెన్నాళ్లని పిలుస్తావు, నీ దుకాణం నీకుంది."

పెట్టాను. ఇంకో గడి తెరుచుకుంది. ఇకపై ఎవరితో మాట్లాడాలో పేరు రాయమంది. నా పేరు కొట్టబోయాను.

"నాది రాయి. ఫోన్ వాడేది నేను."

సరేనన్నాను గానీ వేళ్లు ఆగిపోయాయి. ఇన్నేళ్లుగా పిన్నీ అనే పిలిచాను, ఆమె పేరు నాకు తెలీదు. సిగ్గుపడుతూ అడిగాను. చెప్పింది. తప్పు పడకుండా ఒక్కో అక్షరం కొడుతుంటే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పంపానని నేను చెప్పేదాకా పిన్ని అలాగే కదలకుండా కూర్చుంది.