మీ ఇంట్లో తినేది ఏ కుప్ప?

పోయిన ఏడాది మా కాలనీలో పద్దెనిమిది ఇళ్లకు ఎండుమిరపకాయలు తెప్పించింది నేనే. మందూ రంగూ లేని కాయలని ఫోన్లో ఒక రైతు చెప్పిన మాట నమ్మాను. తీరా కడిగితే రంగు దిగి నీళ్లు ఎర్రబడ్డాయి. ఎదురింటి జయమ్మ ఆ ఎర్రనీళ్ల గిన్నె తెచ్చి నా గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. ఏడాదిగా నాతో మాటల్లేవు. ఈసారీ తప్పు చేస్తే అందరం కలిసి కొనుక్కోవడం మానేసి, ఎవరి ప్యాకెట్లు వాళ్లు తెచ్చుకుంటారు. అందుకే ఈ ఫిబ్రవరిలో మూడు చిరునామాలు రాసుకుని స్వయంగా బయలుదేరాను.

కాచిగూడలో పొద్దున్నే ఎక్కిన రైలు గద్వాల చేరేసరికి పదిన్నర. గంట ఆలస్యం, ఎందుకో చెప్పే నాథుడు లేడు. స్టేషను బయట ఇడ్లీ తిని వడ్డేపల్లి బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్టు లేదు, నాకు సీటూ లేదు. పక్కన నిలబడ్డావిడ నా ఖాళీ సంచులు చూసి, "గిన్ని సంచులేందక్కా?" అంది. మందు కొట్టని మిరపకాయలకని చెప్పాను. "మందు లేకుంట మిరప యాడిదక్కా!" అని బస్సంతా వినబడేలా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

వడ్డేపల్లి రైతు తోటంతా తిప్పి, "సుక్క మందు గూడ కొట్టలే మేడం" అని మూడుసార్లు చెప్పాడు. వద్దంటున్నా భోజనం పెట్టారు. జొన్నరొట్టె, ఎండుమిరప తొక్కు. ఎంత బాగుందంటే, ఈ కాయలే ఇవ్వండి అన్నాను. వడ్డిస్తున్న అతని తల్లి, "అవి అమ్మం బిడ్డా. ఇంటికని రెండు సాళ్లు వేరే పెట్టుకున్నం, వాటికైతే మందు కొట్టం" అంది. రైతు తల దించుకుని రొట్టె తుంచుకున్నాడు. నేను చెయ్యి కడుక్కుని లేచాను. అతని మీద కన్నా నా మీదే కోపం ఎక్కువ. మందు కొట్టారా అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు?

పెబ్బేరు మీదుగా వనపర్తి చేరేసరికి సాయంత్రం ఆరు. లాడ్జి గదిలో ఫ్యాను తిరిగితే లైటు వెలగదు. రెండో చిరునామా సేంద్రియ సరుకులని బోర్డు పెట్టిన దుకాణం. ఏ ఊరి కాయలని అడిగితే, "ఊరితోని మీకేం పని మేడం? సరుకు సూడుర్రి" అన్నాడు యజమాని. ఒక కాయ వేసి చూస్తాను, చెంబెడు నీళ్లివ్వమన్నాను. దుకాణం మూసే టైమైందన్నాడు. ఏడు కూడా కాలేదు!

మర్నాడు ఏడింటికి నాగర్‌కర్నూల్ బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, ఆపైన ఆటో. ఉప్పునుంతల చేరేసరికి పదకొండు దాటింది. మూడో చిరునామా ఖాజాబీది. ఆమె, ఆమె భర్త రెండెకరాలు కౌలుకు చేస్తారు. ఆమె టార్పాలిన్ మీద కాయలు తిరగేస్తోంది. ఈసారి ముందే అడిగాను, మీ ఇంట్లో తినేది ఏ కుప్ప అని.

"కుప్ప ఒక్కటే గదక్కా."

"మరి మందు?"

"మూడుసార్లు కొట్టిన. కొట్టకుంటె ముడత రోగమొచ్చి చెట్టు మిగల్తదా? కాయ పండినంక మాత్రం కొట్టలే." వాడిన డబ్బాలు కూడా తెచ్చి చూపించింది.

ఒక కాయ చెంబులో వేశాను. ఎంతసేపు చూసినా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. హమ్మయ్య అనుకుని, తూచమని సంచి తెరిచాను.

"ఇప్పుడియ్యనక్కా. ఇంక జర పచ్చిగున్నయి, సంచిల పోస్తే బూజు పడ్తయి. నాలుగు రోజులాగి రా."

నెత్తి కొట్టుకోవాలనిపించింది. బతిమాలాను, కసిరాను కూడా. ఆమె ఒక కాయ తీసి నా చేతిలో పెట్టి విరవమంది. అది విరగలేదు, వంగింది.

మూడింటికి హైదరాబాదు బస్సు దొరికింది. సీటూ దొరికింది, ఖాళీ సంచులు ఒళ్లో పెట్టుకున్నాను. కాలనీ గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను: మందు మూడుసార్లు కొట్టారు, వాళ్లింట్లోనూ ఇవే తింటారు, నాలుగు రోజులు ఆగాలి. బస్సు కల్వకుర్తి దాటింది. తర్వాత ఒకాయన, "మందు కొట్టినవాటి కోసమా రెండు రోజులు తిరిగారు?" అని రాశాడు. విసుగొచ్చి ఫోను సంచిలో పడేశాను.

దిగే ముందు తీసి చూస్తే జయమ్మ రాసింది. "నాకు మూడు కిలోలు. ఈసారి నేనూ వస్తాను. గిన్నె నేనే తెస్తాను."