కుర్చీలు సర్దే ఆయన పాపిట

మా ముత్తాత లింగంపల్లి అవతల ఏడు ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన వచ్చి కూర్చునేదాకా కచేరీలో ఎవరూ నోరు విప్పేవారు కాదు. ఆయన కొడుకు, అంటే మా తాత, నగరంలో ఉర్దూ, ఇంగ్లీషు చదివి, గుర్రం మీద ఊరికి తిరిగివచ్చిన మనిషి. మా నాయన కోర్టు మెట్లు ఎక్కి దిగడంలోనే ముసలివాడయ్యాడు. నేను రాయదుర్గంలో ఒక ఆఫీసు భవనం నిర్వహణ చూస్తాను. లిఫ్టులు, ఏసీలు, జనరేటర్లు, క్యాంటీన్ కుర్చీలు నా బాధ్యత. ఈ పనికి నేను సిగ్గుపడను. మా ఇంటి మగవాళ్ళు కుర్చీలో వెనక్కి ఆనుకోరు. నేను ఇప్పటికీ ఆనుకోను.

ఈ వంశం సంగతి ముందే ఎందుకు చెప్పానంటే, పాత హాలీవుడ్ సినిమాల్లో పాడుతూ ఆడే మనుషులను మేము ప్రేమించిన తీరు దానివల్లే వచ్చింది.

తాత సినిమా హాలుకు వెళ్ళేవాడు కాదు. కిటికీ ముందు నిలబడి టికెట్ అడగడం ఆయన వల్ల అయ్యే పని కాదు. అందుకని సికింద్రాబాద్ వదిలి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర చిన్న ప్రొజెక్టరు, పద్నాలుగు రీళ్ళ డబ్బాలు కొన్నాడు. అన్నీ ఆటపాటల సినిమాలే. మా గడీలో నడిమి హాల్లో రెండు స్తంభాల మధ్య తెల్లటి మల్లుగుడ్డ కట్టేవారు. గుడ్డకు ముందు మగవాళ్ళు కూర్చునేవారు. ఆడవాళ్ళు గుడ్డకు వెనుక చాపల మీద కూర్చునేవారు. పలుచని గుడ్డ కాబట్టి బొమ్మ అటువైపూ కనిపించేది. ఎవరి కంట ఎవరూ పడకుండా అందరూ సినిమా చూసేవారు. అది మా ఇంటి మర్యాద. తాత పోయేదాకా, అంటే నాకు పదేళ్ళు వచ్చేదాకా, అది అలాగే సాగింది.

ఇంగ్లీషు మాకెవరికీ సరిగా అర్థమయ్యేది కాదు. తాతకు అర్థమయ్యేది గానీ ఆయన చెప్పేవాడు కాదు. కథ ఏదైనా మేము కాళ్ళే చూసేవాళ్ళం. ఆ మనుషుల బూట్ల అడుగున రేకు ముక్కలుంటాయి. చెక్క నేల మీద అవి టకటకలాడుతుంటే మృదంగం మోగించేవాడు వేరే అక్కరలేదు. కాళ్ళు అంత హడావిడి చేస్తుంటే పైన భుజాలు కదలవు. ముఖంలో ఆయాసం ఉండదు. పాట అయ్యాక టోపీ తీసి, ఇప్పుడే ఇంట్లోంచి బయలుదేరినట్టు నిలబడతారు.

"చూసినవా, అంత ఎగిరినా నడుం వంగలె," అనేవాడు తాత.

ఆయన నోట ఎవరి గురించైనా వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. పొట్టకూటి కోసం ఆడేవాళ్ళలో మా తాత గౌరవించింది కూడా వీళ్ళను మాత్రమే. నేలను తుడిచే పొడుగాటి గౌను వేసుకుని, ఎత్తు మడమల చెప్పులతో, మెట్ల మీది నుంచి వెనక్కి వెనక్కి దిగే ఆడవాళ్ళంటే మరీ గౌరవం. ఆ మగవాడు చేసిన ప్రతి అడుగూ ఆమె వెనక్కి చేస్తుంది. ఒక్కసారి కూడా మెట్టు వైపు చూడదు. నేను భవనంలో రోజూ అగ్నిమాపక మెట్లు దిగుతాను, కమ్మీ పట్టుకునే దిగుతాను. దిగినప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది.

పద్నాలుగు రీళ్ళలో మా ఇంటికి ప్రాణం లాంటిది ఒకటుంది. హోటల్ మూసే వేళ. ఒక సర్వరు కుర్చీలను బల్లల మీదికి ఎత్తి సర్దుతుంటాడు. మరిచిపోయిన చేతితొడుగు కోసం ఒకామె వెనక్కి వస్తుంది. ఇక వాళ్ళిద్దరూ ఆ కుర్చీలతోనే ఆడతారు. ఒక కుర్చీ ఎత్తి తిప్పి దించేలోపు అతను పది అడుగులు వేస్తాడు. కుర్చీ నేలను తాకిన చప్పుడు కూడా తాళంలోనే పడుతుంది. సన్నటి మనిషి, నూనె పెట్టి దువ్విన జుట్టు, గీత గీసినట్టు పాపిట. అందగాడు కాదు. ఆడటం మొదలుపెట్టాక అతనికంటే అందగాడు లేడు.

మా మేనత్తకు అతనంటే ప్రాణం. నాయనకు చెల్లెలు. చిన్నప్పుడే గుడ్డ వెనుక కూర్చుని ఆ అడుగులన్నీ నేర్చుకుంది. దేశ్‌ముఖ్ ఇంటి ఆడపిల్ల కాలు కదిపిందని బయటికి తెలిస్తే అంతే సంగతులు. అందుకని వంటింట్లో, జొన్నరొట్టె కొడుతూ, చీర కుచ్చిళ్ళ కింద ఆడేది. రొట్టె చప్పుడులో కాళ్ళ చప్పుడు కలిసిపోయేది. పెళ్ళై వెళ్ళి, మొగుడు పోయాక తిరిగి మా దగ్గరికే వచ్చి, ఇప్పుడు ప్రగతి నగర్‌లో మా కిరాయి ఫ్లాట్‌లో ఉంటూ కూడా పప్పు తాలింపు వేసేటప్పుడు ఆ సర్వరు మొదటి మూడడుగులు వేస్తుంది.

ఆ మూడడుగుల మీద మాకు యాభై ఏళ్ళ తగాదా. అతను కుడికాలు ముందు వేస్తాడని నేను. ఎడమకాలని ఆమె.

"నాకు కళ్ళు లేవా అత్తా? ముందు కూర్చుని చూసినోణ్ణి."

"ముందు గూసుంటే సరిపాయెనా? నువ్వు లడ్డూలు దినుకుంట చూసినవు. నేను కాళ్ళు చూసిన."

ఏడాది కిందట ఆమె కుడి కన్ను పోయింది. రెండోది కూడా నిలవదని దవాఖానలో చెప్పారు. మందు చుక్కలతో కొన్ని నెలలు నెట్టుకు రావచ్చునన్నారు, అంతే. ఇంటికొచ్చి ఆమె ఏడవలేదు. మంచం మీద నిటారుగా కూర్చుని, "కుర్చీల ఆయన్ను ఒక్కసారి చూపియ్‌రా. తర్వాత చీకటైనా ఫికర్ లేదు," అంది.

అటక మీది నుంచి ప్రొజెక్టరు దింపాను. గచ్చిబౌలిలో కొత్త హోటల్ పెడుతున్న ఒకతను దాన్ని అలంకారానికి కొంటానని రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ గుమ్మంలోంచే పంపేశాను. డబ్బా మూత తీస్తే పులిసిన వాసన ముఖాన కొట్టింది. ఫిల్మ్ అంతా ముద్దగా అతుక్కుపోయింది. డబ్బా మీది పేరులో సగం అక్షరాలే మిగిలాయి. అత్త ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని మూత మీద చేత్తో తడుముతూ చాలాసేపు కూర్చుంది.

మా భవనం పదకొండో అంతస్తులో ఒక కంపెనీ పిల్లలు శుక్రవారం సాయంత్రాలు పాత సినిమాలు వేసుకుంటారు. దాన్ని నడిపేది కాకినాడ వైపు అమ్మాయి. వాళ్ళు క్యాంటీన్ కుర్చీలు పైకి మోసుకుపోతున్నారని, అలా చేయకూడదని గట్టిగా నోటీసు పంపింది నేనే. ఇప్పుడు వెళ్ళి అడగాల్సింది ఆ అమ్మాయినే. ఉద్యోగం కోసం కూడా నేను ఎవరినీ అడగలేదు, దరఖాస్తు పెట్టానంతే. మూడు రోజులు లిఫ్టులో ఆమె కనపడ్డప్పుడల్లా ఏసీ చల్లగా ఉందా అని విచారించి దిగిపోయాను. నాలుగో రోజు ఆమే అంది.

"సార్, ఏసీ బాగానే ఉందండి. మీరేదో అడగాలనుకుంటున్నారు కదండీ. కుర్చీల గురించైతే మేం నేల మీదే కూర్చుంటున్నామండి."

"కుర్చీల గురించే," అన్నాను. నిలబడి అంతా చెప్పాను. సగం అక్షరాల పేరు కాగితం మీద రాసిచ్చాను. మర్నాడు పొద్దున ఆమె ఫోన్ చేసి, "దొరికిందండి! సర్వరు, చేతితొడుగు, అన్నీ ఉన్నాయి. ఈ శుక్రవారం అదే వేస్తాం. మామ్మగారిని తీసుకురండి," అంది.

అత్త గద్వాల చీర కట్టుకుంది. కారులో కిటికీకి ముఖం ఆనించి, "రాయదుర్గమంటివి, గుట్టలన్ని యాడబాయెరా?" అంది. "వాటి మీదికే పోతున్నం అత్తా," అన్నాను.

గదిలో పాతికమంది పిల్లలున్నారు. క్యాంటీన్ కుర్చీలు నేనే పైకి పంపించాను. అత్తను మొదటి వరుసలో, తెరకు ఎదురుగా కూర్చోబెట్టాం. కుర్చీలు సర్దే ఆయన వచ్చాడు. తెర పెద్దది, బొమ్మ తేట. అడుగు వేశాడు. కుడికాలే. నేను అత్త వైపు చూశాను. ఆమె ముఖంలో ఏమీ లేదు. రెండు నిమిషాలు చూసి నా చెయ్యి పట్టుకుంది.

"ఈయన గాదురా."

"ఆయనే అత్తా."

"గాదు. పాపిట గిటు లేకుండె. గటుండె. వేరే ఎవరినో తెచ్చిండ్రు. పోనీలె, పిల్లలు మంచోళ్ళు, ఏమనకు."

గొంతు మామూలుగానే ఉంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ అమ్మాయి సినిమా ఆపి, "తప్పు సినిమా తెచ్చానాండి?" అని బిక్కముఖం వేసింది.

అప్పుడు నాకు మల్లుగుడ్డ గుర్తొచ్చింది. అత్త గుడ్డకు అటువైపు కూర్చుంది, అక్కడికి బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. ఆమె చూసిన మనిషికి పాపిట అటే. అతను ఎడమకాలే వేశాడు. యాభై ఏళ్ళలో మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. తట్టాలంటే ఎవరో ఒకరు గుడ్డ దాటి అటు వెళ్ళి కూర్చోవాలి.

ఆ గది వెనుక గోడ అంతా గాజు. దాని అవతల వరండా. వరండాలో దీపాలు రాత్రీ పగలూ వెలగాలని నిబంధన, ఆ నిబంధన రాసింది నేను. వెళ్ళి దీపాలార్పాను. గాజు నల్లబడి అద్దమైంది. అందులో తెర మొత్తం తిరగబడి కనిపించింది. అత్త కుర్చీని గాజు దగ్గరికి జరిపి, తెర వైపు వీపు వచ్చేట్టు తిప్పి, "ఇగ మొదట్నుంచి వెయ్యమ్మా," అన్నాను.

అతను గాజులోకి వచ్చాడు. పాపిట అటు ఉంది. అత్త ముందుకు వంగి, మిగిలిన ఒక్క కంటినీ చిన్నది చేసి చూసింది.

"వచ్చినవా," అంది అతనితో.

ఎడమకాలు ముందు పెట్టి, చీర అంచు కింద, మొదటి మూడడుగులు వేసింది. చెప్పు రబ్బరుది, చప్పుడు రాలేదు. కాకినాడ అమ్మాయి తన కుర్చీని తెచ్చి తిప్పుకుని అత్త పక్కన కూర్చుంది. వెనుక మరికొన్ని కుర్చీలు కిర్రుమన్నాయి. నేను తిరిగి చూడలేదు. అతను చివరి కుర్చీ ఎత్తి, తిప్పి, దించి, నిటారుగా నిలబడ్డాడు. ఆయాసం లేదు.

దీపాలు వేశాక అత్త కళ్ళు తుడుచుకోలేదు, చుక్కల మందు కారుతున్నదంది.

"ఇన్నేండ్లు నాతోని కొట్లాడితివి. మీ తాత, మీ నాయన, నువ్వు, ముందల గూసున్న దొరలందరు ఉల్టా చూసిండ్రు," అంది.

పిల్లలు వద్దంటున్నా కుర్చీలు నేనే ఒకదాని మీద ఒకటి సర్దాను.

"నడుం వంగుతున్నది, చూసుకో," అని అత్త అందరికీ వినపడేట్టు అంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

కారులో తిరిగి వస్తూ ఆమె, "ఇగ ఆ డబ్బాలెందుకురా, అటక మీద కంపు. ఆ హోటలాయనకు ఇచ్చెయ్," అంది.

గడీ, ఏడు ఊళ్ళలోని పొలాలు, గుర్రపు జీను మా నాయన అమ్మాడు. ప్రొజెక్టరు, పద్నాలుగు రీళ్ళ డబ్బాలు నేను అమ్మాను.