కత్తిపీట కొనడానికి దోసకాయ

నిన్న మాల్‌లో కూరలు కోసే కత్తి కొందామని వెళ్ళి, ఒక్కటీ ఎంచుకోలేక అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. అన్నీ అట్టలకి బిగించి, పైన ప్లాస్టిక్ తొడిగి ఉన్నాయి. "ఏదో ఒకటి తియ్యమ్మా" అని మా అమ్మాయి విసుక్కుంది.

ఏదో ఒకటా! మన అమ్మలు కత్తిపీట ఎలా కొనేవాళ్ళో గుర్తుందా మీకు?

నా చిన్నప్పుడు మా అమ్మ నన్నూ నాన్నగారినీ బందరు బజారంతా తిప్పింది. ప్రతి కొట్టు ముందూ కుచ్చిళ్ళు సర్దుకుని నేలమీద కూర్చునేది. పీటని కాలితో తొక్కిపట్టి, సంచిలోంచి దోసకాయ తీసి ఒక ముక్క కోసేది. పీట కాస్త కదిలినా చాలు, లేచి పక్క కొట్టుకి నడిచేది.

బడిపంతులైన మా నాన్నగారికి తల కొట్టేసినట్టయింది. "లేవవే, మా బడిపిల్లల తండ్రులు చూస్తున్నారు" అన్నారు.

"రోజూ దీని ముందు కూర్చునేది నేనండీ. మీరు కాసేపు అటు చూడండి" అంది అమ్మ.

ఆఖరి కొట్లో పీట కదల్లేదు. అప్పటికి దోసకాయ అయిపోయింది.

నిన్న మేం ఏమీ కొనకుండానే ఇంటికొచ్చాం. నా హ్యాండ్‌బ్యాగ్ తీసి చూసి మా అమ్మాయి అడిగింది, "ఈ దోసకాయ ఎందుకు తీసుకెళ్ళావమ్మా?"