మీగడ కట్టిన చాయ్

సిరిసిల్లలో మా ఇంటి ఓనరుకు ఆరు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, ఉండేవి. వాటి మోతలో మాట వినపడదు కనక అక్కడ అందరూ ముఖాలు చూసే మాట్లాడుకునేవారు. షేర్ మార్కెట్టునూ ఆయన అట్లాగే చదివేవాడు. పొద్దున బస్సులో పేపరు రాగానే చాయ్ హోటల్లో షేర్లు కొన్న నలుగురం ధరల పేజీ మీద పడేవాళ్లం. తనకూ షేర్లున్నా ఆయన మాత్రం మా గ్లాసులు చూసేవాడు.

"ధర పేపర్ల ఉంటది సారూ, భయం చాయ్ మీద ఉంటది" అనేవాడు. గుబులు పట్టినవాడు తాగడం మరిచిపోతాడట, చాయ్ మీద మీగడ కడుతుందట.

ఒకసారి నక్సలైట్ అన్నలు బందుకు పిలుపిస్తే రెండు రోజులు బస్సులు రాలేదు. మూడోనాటి పేపర్లో ధరలన్నీ పడిపోయి ఉన్నాయి. కొత్తగా బడిపంతులు నౌకరీలో చేరి నేను దాచుకున్నదంతా అందులోనే ఉంది. వెంటనే కోరుట్లలో ఉండే షేర్ల ఏజెంటు దగ్గరికి పోయి అమ్మేద్దామని లేచాను.

ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "అందరి చాయ్ సల్లగైంది. భయపడెటోళ్లందరు భయపడ్డరు, ఇగ అమ్మెటోడెవడు? నాకైతే ఏం రంది లేదు, గుబులు లేదు. జర ఆగుండ్రి."

ఆయన గ్లాసు వంక చూశాను. అంచుదాకా నిండుగా ఉంది, పైన మందంగా మీగడ.

"మరి గిదేంది సేటూ?"

ఆయన గ్లాసు చూసుకున్నాడు. ఒక్క గుక్కలో తాగేసి, మూతి తుడుచుకుని, పడీపడీ నవ్వాడు.

"అందరి చాయ్ అన్ననా లేదా? అందర్ల నేను గూడ ఉన్న."

మేమూ నవ్వి, చల్లారిన గ్లాసులు ఎత్తాం. ఆ రోజు కోరుట్ల బస్సు మాలో ఎవరినీ ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది.