కల్వకుర్తి బస్టాండులో రాగితీగ చట్రం

ఆమె పేరు అడగాలని అప్పుడు తోచలేదు. తెల్లవారుజామున కల్వకుర్తి బస్టాండులో నా పక్కన కూర్చుంది, యాభై ఏళ్ళుంటాయి. ఒళ్ళో చిన్న రేడియో, ముందు రాగితీగ చుట్టిన నిలువెత్తు చెక్క చట్రం. రేడియోలోంచి హోరు తప్ప ఏమీ రావడం లేదు.

కంట్రోలరు వచ్చాడు. “ఏందమ్మా గీ లొల్లి? జర బంద్ చెయ్.”

“చెయ్య సార్. గిది ఏంటెనా. దూరంకెళ్లి ఒకాయన గీ టైముకే మోర్సు కోడు పంపుతడు. తక్కువ ఫ్రీక్వెన్సీ, పొడుగు తీగ లేకుంటే నీకు రాదన్నరు మా రేడియో క్లబ్బోళ్ళు. కిరాయింటి మీద తీగ కడితే ఓనరు తెంపిండు. గందుకే గిట్ల చుట్టిన. చిన్నప్పటి సంది చీరెలకు నూలు చుట్టిన చేతులు నాయి.”

“గీ ట్యూబులైట్ల గరగరల ఏమొస్తది?” అని ఆయన నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, దాచుకున్నాను.

ఆమె చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పింది. ఒకచోట హోరు అణిగిపోయి, సన్నగా పొట్టి కూతలు, పొడుగు కూతలు వినిపించాయి. ఆమె మోకాలి మీద కాగితం పెట్టుకుని ఒక్కో అక్షరం రాసుకుంది. కూతలు ఆగాక కాగితాన్ని కంట్రోలరు ముందుకు చాపింది.

“విన్నరు గద. సాక్షి సంతకం చెయ్యుండ్రి. ఇంట్ల ఒక్కదాన్నే విన్ననంటే క్లబ్బోళ్ళు నమ్మరని గీడికి తెచ్చిన.”

ఆయన ఆమె వైపు ఒకసారి చూసి, జేబులోంచి పెన్ను తీశాడు. ఆయన కింద నేనూ సంతకం చేశాను.

“ఇది చూసినా వాళ్ళు నమ్మకపోతే?” అని అడిగాను.

“నమ్మకుంటే గీ చట్రం తీస్కపోయి క్లబ్బు ముంగట నిలవెడత. ఆళ్ళే కూసోని వినాలె” అంది.