గంగాదేవికి దక్కిన ప్రశాంతత

నాంచారయ్య పోయినప్పుడు నాగాయలంక రేవులో అతని భార్య గంగాదేవి గురించి ఎవరూ పెద్దగా బెంగపడలేదు. "ఇక వదిన చెవులకి సుఖం" అంది ఎదురింటి మాధవి.

అందులో నిజం లేకపోలేదు. పడవ ఒడ్డుకు చేరడమే తడవు, ఆలుమగలు కలబడేవారు. ఆమె తట్టలోకి చూసి, "ఇవి చేపలా, ఎండుటాకులా?" అనేది. ఆయన పండుగప్పను పైకెత్తి, మొప్పలు విప్పి, "కళ్ళున్నాయా నీకు? ఎరుపు చూడు. ఇంకా ఊపిరి తీస్తోంది" అనేవాడు. అన్యోన్యంగా ఉండేవాళ్ళను చూసి నేర్చుకోమని పెద్దలు వాళ్ళకు చెప్పి చెప్పి విసిగిపోయారు.

పెద్దకర్మ అయ్యాక కొడుకు అంజి వేటకు వెళ్ళసాగాడు. తల్లి ఆ తట్టను ఎంత చిన్నబుచ్చినా, "నువ్వెంతంటే అంతేనమ్మా" అనేవాడు. అంత మర్యాద ఆమె ఏనాడూ ఎరగదు. ఆ మర్యాదను మోసుకుని మార్కెట్లో కూర్చుంటే నోట మాట పెగల్లేదు. ఇన్నేళ్ళూ అక్కడ ఆమె తన సరుకును పొగిడిన మాటలు, పొద్దున ఒడ్డున మొగుడు తనమీద విసిరినవే. గుడివాడ హోటలు కాంతారావు సగం ధర చెబితే తలూపి ఇచ్చేసింది. దుఃఖమనుకుని ఇంట్లోవాళ్ళు మోపిదేవి గుడికి తీసుకెళ్ళి మొక్కించారు. స్వామి దుఃఖం సంగతి చూసుకున్నాడేమోగాని, ధర జోలికి పోలేదు.

"రేపట్నుంచి సరుకు ఏజెంటుకి వేసేస్తానమ్మా. నువ్వు ఇంటి పట్టున ఉండు" అన్నాడు అంజి, ప్రేమగానే. అంటే మార్కెట్లో ఆమె చోటు పోయినట్టే.

"రేపొక్కరోజు చూడనివ్వరా" అందామె.

మర్నాడు రేవుకి అంజి టిఫిన్ తెచ్చిన కోడలు భార్గవి తట్టలోకి తొంగి చూసింది. "ఇవేం చేపలండీ, పిల్లి కూడా ముట్టదు."

అంజి మొహం పాలిపోయింది. "అమ్మ ముందా ఆ మాటలు?"

అప్పటికే గంగాదేవి పండుగప్ప మొప్పలు విప్పింది. "కళ్ళున్నాయా నీకు? ఎరుపు చూడు. ఇంకా ఊపిరి తీస్తోంది."

"ఊపిరి కాదత్తయ్యా, వాసన."

"అది నీ ముక్కుది."

ఆ పూట కాంతారావు ఆమె అడిగినంతా ఇచ్చి గొణుక్కుంటూ వెళ్ళాడు. సాయంత్రం అంజి భార్యచేత క్షమాపణ చెప్పించబోయాడు.

"దాన్నేం అనకురా. రోజూ రేవుకి రమ్మను" అంది గంగాదేవి.

ఎదురింటి మాధవి మళ్ళీ వదిన చెవుల మీద జాలిపడటం మొదలుపెట్టింది.