జామచెట్లకు కట్టిన సీడీలు

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి వెనుక గదిలో ఉన్నవాళ్లు ముగ్గురు: అమ్మ, మామ, నేను. ఉన్న వస్తువులు: ఒక స్పీకర్, మామ ఫోన్, అందులో అప్పుడే వేసిన మెమరీ కార్డు, టీ ఫ్లాస్కు, మూడు గ్లాసులు. ఉండాల్సింది ఇంకొకటి లేదు. మామ పాట పెట్టిన అర నిమిషానికి అదేమిటో తెలిసింది.

కీబోర్డు వచ్చింది. తబలా వచ్చింది. అమ్మ గొంతు అందుకోవాల్సిన చోట ఏమీ రాలేదు. ఎక్కడో నీళ్ల ట్యాంకు అడుగున ఎవరో పాడుతున్నట్టు ఒక మోత మాత్రం వినిపించింది. మాటలు లేవు. తబలా తన దారిన తాను వాయించుకుంటూ పోయింది.

అమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇది నేను పాడిన పాటనేనా?"

"నీదే అక్కా. సూడు, పేరు గూడ పడ్డది," అని మామ ఫోన్ తిప్పి చూపించాడు.

"పేరుంది. నేను లేను." నవ్వింది. "దవాఖానల ఒకపారి పోయింది. దీంట్ల గూడ పోయిందా?"

నాలుగేళ్ల కింద అమ్మకు గొంతు దగ్గర గడ్డ తీశారు. అప్పటి నుంచి మాట బొంగురుగా వస్తుంది, పాట రాదు. దానికి ముందు మా చర్చి కోయిర్‌లో ఒంటరి పాట, అంటే ఒక్కరే పాడేది, ఉంటే అమ్మే పాడేది. మా చర్చివాళ్లు పట్నంలో ఒక చిన్న స్టూడియోకు పోయి మూడు సీడీలు చేయించి, నకళ్లు తీసి ఇంటింటికీ ఇచ్చారు. ఆ స్టూడియో ఇప్పుడు లేదు. అమ్మ పాడగా విన్నవాళ్లు చాలామంది ఉన్నారు కానీ, ఆ గొంతు మిగిలింది ఆ మూడు సీడీలలోనే.

మామ, అంటే అమ్మ తమ్ముడు, చర్చి కమిటీలో సెక్రటరీ. సీడీ ప్లేయర్లు ఎవరిళ్లలోనూ పనిచేయడం లేదని, అందరూ తమ సీడీలు తెచ్చి ఇస్తే పాటలు మెమరీ కార్డుల్లో వేసి పంచుతానని ఆయనే ప్రకటించాడు. అందరూ తెచ్చి ఇచ్చారు. మేమూ ఇచ్చాం. ఆయన ఆ సంచిని శంషాబాద్ బస్టాండు దగ్గర మొబైల్ షాపులో ఇచ్చి, "చిన్న కార్డుల అన్నీ పట్టాలె" అన్నాడట. షాపువాడు సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా చిన్న సైజు వచ్చే సెట్టింగు పెట్టాడు. సెకనుకు నలభై ఎనిమిది కిలోబిట్లు, మోనో.

తక్కువ బిట్‌రేటుతో పాట పాడవుతుంది. తాళాలు ఇసుక పోసినట్టు వినిపిస్తాయి, స, శ తేడా పోతుంది. అయినా మనిషి మాయం కాడు. మాయం చేసింది మోనో. సీడీలో ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, రెండు చానెళ్లు ఉంటాయి. గాయకుల గొంతు సాధారణంగా రెండింటిలోనూ సమానంగా ఉంటుంది. ఆ స్టూడియోలో ఎవరో ఒక వైరు తిరగేసి కలిపినట్టున్నారు, ఒక చానెల్ మొత్తం తలకిందులుగా రికార్డయింది. స్టీరియోలో వింటే గొంతు కాస్త వింతగా, చెవుల వెనుక నుంచి వస్తున్నట్టు ఉండేది, అంతే. రెండు చానెళ్లను కలిపి ఒకటి చేస్తే మాత్రం, ఒకే తలుపును ఇద్దరు అటూ ఇటూ నిలబడి సమానంగా తోసినట్టవుతుంది. తలుపు కదలదు. గొంతు సున్నా అవుతుంది. రెండు వైపులా సమానంగా లేనివి, అంటే తబలా, కీబోర్డు, గొంతుకు స్టూడియోవాళ్లు కలిపిన ప్రతిధ్వని, మిగులుతాయి.

నన్ను అడిగి ఉంటే నాలుగు మాటలు చెప్పేవాణ్ణి. ఒకటి, ముందు ప్రతి సీడీని ఏమీ పోని పద్ధతిలో, ఫ్లాక్‌లో, దాచాలి. రెండు, ఫోన్ల కోసం దాని నుంచి ఎంపీత్రీ చేయాలి, స్టీరియోలోనే, పాటలో సందడి ఉన్నచోట ఎక్కువ బిట్లు, లేనిచోట తక్కువ వాడే వేరియబుల్ పద్ధతిలో. మూడు, శాంపుల్ రేటు, అంటే సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారో ఆ లెక్క, ముట్టుకోకూడదు. నాలుగు, తయారైన ఫైళ్లన్నీ ఒక మనిషి చివరిదాకా వినేవరకు సీడీలు ఎవరికీ ఇవ్వకూడదు. నాలుగోదాన్ని ఇంజినీరింగ్ చదవనివాళ్లు కూడా ఊహించగలరు.

"సీడీలు ఏడున్నయి మామా?"

"తోటల."

"తోటల ఏడ?"

"చెట్లకు కట్టిన. చిలుకలు ఆగుతలేవు అల్లుడా. గాలికి తిరిగి తళతళ మెరుస్తుంటే ఒక్కటి వాలుతలేదు. ఎయిర్‌పోర్టోళ్లంటే పిట్టలను బెదిరియ్య పటాకులు పేలుస్తరు. మనకాడ ఏమున్నయి?"

"అన్నీ కట్టినవా?"

"అన్నీ. సంచి నిండ ఉండె."

"పాటలు తీస్కపోయి చిలుకలకు ఇచ్చినవ్."

"పాటలు కార్డుల ఉన్నయి గదరా. ముసలోళ్లు చిన్న ఫోన్ల ఇంటరు. గా సన్న ఫరక్ ఎవనికి ఎరుక?"

"ఫరక్ కాదు మామా. మనిషే లేదు."

ఆయన ఫోన్‌లో సౌండ్ పెంచాడు. పెంచితే అమ్మ వస్తుందన్నట్టు. నా చేతిలో గ్లాసు ఉంది కనుక కింద పెట్టాను. లేకపోతే ఏం చేసేవాడినో నాకే తెలియదు.

మామ తోట కొత్తూరు పోయే దారిలో ఉంది. అమ్మను బండి మీద ఎక్కించుకుని అప్పుడే బయలుదేరాను, మామ తన బండి మీద వెనక వచ్చాడు. అవి ఫ్యాక్టరీలో అచ్చువేసిన సీడీలు కావు, ఒక్కొక్కటి కంప్యూటర్‌లో రాసినవి. అలాంటి వాటిలో పాట ఒక రంగు పొరలో ఉంటుంది, ఎండకు ఆ రంగు వెలిసిపోతుంది. మామ వాటిని దసరా ముందు కట్టాడు. మేం వెళ్లేసరికి క్రిస్మస్ శుభాకాంక్షల కార్డులు పంచడం మొదలైంది.

తోటలో ప్రతి కొమ్మకూ ఒకటి వేలాడుతోంది. ఆకుపచ్చగా ఉండాల్సిన అడుగు కొన్నిటికి పలచటి టీ రంగుకు దిగింది. కొన్నిటికి వెండి పొర పెచ్చులూడి అవతలి ఆకాశం కనిపిస్తోంది. తెల్ల మార్కర్‌తో రాసిన అక్షరాలు సగం సగం ఉన్నాయి. ఒక విమానం తక్కువగా దిగుతూ పోయింది. గాలికి అన్నీ ఒకేసారి తిరిగాయి, ఒకదానికొకటి గీసుకున్నాయి. ఆ గీతలు ఎక్కడెక్కడ పడుతున్నాయో నాకు లెక్క తెలుస్తూనే ఉంది.

నేను తాడు తెంపబోతే మామ చెయ్యి పట్టుకున్నాడు.

"కాత దిగనియ్యిరా. పది దినాలు ఆగు. ఇప్పుడు తీస్తే చిలుకలు ఒక్క కాయ మిగులనియ్యవు."

"పది దినాల ఎండ మామా."

"ఇన్నొద్దులు ఎండలనే ఉన్నయి. ఇంకో పది దినాలకు ఏమైతది?"

అప్పుడు అమ్మ మాట్లాడింది. బొంగురు గొంతు, గట్టిగా అనడానికి రాదు. ఇద్దరం ఆగితేనే వినిపిస్తుంది. ఆగాం.

"నీ చెట్లకు వచ్చే ఏడు మళ్ల కాత వస్తది తమ్మీ."

మామ నా చెయ్యి వదిలేశాడు. పంపుసెట్టు గది నుంచి నిచ్చెన, కొడవలి తెచ్చి తానే ఎక్కాడు. ఒక్కొక్కటే కోసి కింద అమ్మ చేతికి అందించాడు. అమ్మ కొంగుతో పట్టుకుంది. కొంగుతో తుడవొద్దని చెప్పాను, అది కూడా కసురుతూనే చెప్పాను.

"గిట్లయితదని నాకేం తెల్సురా," అన్నాడు నిచ్చెన మీది నుంచి.

"అడగొచ్చు గదా. ఇంట్లనే ఉన్న గదా."

"నిన్నడిగితే గంటసేపు క్లాసు చెప్తవు. షాపాయన అయిదు నిమిషాల చేసిచ్చిండు."

అది నిజం కావడం వల్ల నాకు కోపం ఇంకా పెరిగింది. ఇప్పటికీ తగ్గలేదు. ఎండలో నిచ్చెన ఎక్కిన మనిషి మీద జాలి పడాలని తెలుసు. పడలేకపోయాను.

ఆ తర్వాత వారం సాయంత్రాలన్నీ ఆఫీసు నుంచి రాగానే సీడీలే. సబ్బునీళ్లతో కడిగి, మధ్య నుంచి అంచుకు తుడిచి, ఆరబెట్టి, డ్రైవులో పెట్టాను. వాడిన సాఫ్ట్‌వేర్ తొందరపడదు. ప్రతి ముక్కనూ ఒకే జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చదువుతుంది, రాకపోతే రాలేదని చెబుతుంది. ఒకే సీడీకి చాలా నకళ్లు ఉన్నాయి కనుక, ఒకదానిలో చచ్చిన పాటను ఇంకొకదానిలో వెతికాను. సీడీ బయటి అంచునే గీతలు ఎక్కువ. చివరి పాటలు అక్కడే ఉంటాయి. అమ్మ ఒంటరి పాటలను చివర పెట్టారు, బాగున్నవి చివర వినాలని.

స్క్రీన్ మీద ఎడమ చానెల్ గీత పైకి లేచిన ప్రతిచోటా కుడిది కిందికి దిగింది. అనుకున్నదే. ఒక చానెల్‌ను తిరగేశాను. గొంతు రెండు స్పీకర్ల నడుమకు వచ్చి నిలబడింది. వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి విన్నది.

"రెండో చరణంల శ్రుతి తప్పిన," అంది. "అప్పుడు ఎవ్వలు చెప్పలే."

ఫ్లాక్‌లో దాచి, మూడు చోట్ల పెట్టి, ఫోన్ల కోసం స్టీరియో ఎంపీత్రీలు చేసి మామకు ఇచ్చాను. ఆయన మొదట పంచిన మెమరీ కార్డులు వెనక్కి తీసుకుని కొత్తవి పంచాడు. మరుసటి ఆదివారం మైకు పట్టుకుని, మా అల్లుడు కష్టపడ్డడు, పాటలన్నీ దొరికినయి, దేవునికి స్తోత్రం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. అమ్మ కూడా చప్పట్లు కొట్టింది, మామ మాట పోకూడదని.

నేను లేచి చెప్పలేదు. కనుక ఇక్కడ రాస్తున్నాను. అమ్మ ఒంటరిగా పాడిన పాటలు పదకొండు. దొరికినవి నాలుగు.